ముందున్నవారు, వెనుకనున్నవారు

12 ఏండ్ల పిల్లవాడు అడిగిన ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేక నేను మూడు వారములు ముఖము తప్పించుకొని తిరిగితిని. 36 ఏండ్లు లెక్కల పంతులుగా బ్రదికినవాడను. ఆ ప్రశ్నయు లెక్కలతో తేలవలసినదే. అందుచేత నా సిగ్గు రెట్టింపయ్యెను.

పిల్లవాడు మా మనుమడు, పెద్దమ్మాయి కుమారుడు. న్యూజెర్సీలో పుట్టి అక్కడనే పెరుగుచున్నాడు. 2023లో నా భార్య గతించిన తరువాత అమ్మాయి నన్ను గుంటూరులో ఒంటరిగా ఉండనీయక, ఏడాదిలో కొన్ని మాసములు తనయొద్దనే ఉంచుకొనుచున్నది. అక్కడ నాకేమి పని? ఉదయమున చెత్తడబ్బా వీధి అంచునకు లాగుట, సాయంకాలము మనుమని వెంట బేస్‌బాల్ మైదానమునకు పోవుట. ఒక మడత కుర్చీ, ఒక నోటుపుస్తకము నా ఆస్తి. ఆ పుస్తకములో ప్రతి పిల్లవాడు ఆడిన ప్రతి వంతును గడులు గీసి వ్రాసికొనుచుందును. ఎవరును నన్ను వ్రాయుమనలేదు. పాత అలవాటు చేతిని ఊరకుండనీయదు.

2024లో మావాడు తన జట్టులో మూడవవాడుగా బ్యాటు పట్టుచుండెను. వాని వెనుక నాల్గవవాడు ఒక పొడుగు కుర్రవాడు, మావానికి ప్రాణస్నేహితుడు. ఆ కుర్రవాడు కొట్టెనా, బంతి కంచె దాటి కార్ల మీద పడవలసినదే. ఆ యేడు మావాడును బాగుగా ఆడెను. మరుసటి వసంతమునకు స్నేహితుని తండ్రికి టెక్సాసులో ఉద్యోగమై ఆ కుటుంబము తరలిపోయెను. 2025 ఏప్రిల్ మొదలు మావాని బ్యాటు మూగబోయెను. ఒక రాత్రి ఆట ముగించుకొని కారులో వచ్చుచుండగా, చీకటిలో, నా వైపు చూడకయే వాడిట్లనెను:

“తాతయ్యా, నేను నిజంగా మంచి బ్యాటర్ని కాదు కదా? పోయిన ఏడు వాడు నా వెనకాల ఉన్నాడు కాబట్టే నాకు మంచి బాల్స్ వేశారు.”

“ఎవరు చెప్పారురా నీకు?”

“అందరూ అంటారు. టీవీలో సోటో గురించి కూడా అదే అంటున్నారు.”

‘అట్లేమియు లేదు నాయనా’ అని తాతలు వెంటనే అనవలసిన మాట నా నోటికి వచ్చెను గాని బయటికి రాలేదు. ఏలయనగా నాకు నిజము తెలియదు. తెలియని మాట ధైర్యముగా చెప్పుట బడిలో నేను ఎన్నడును చేయలేదు.

మనలో అనేకులు క్రికెట్టు ఎరిగినవారే గాని ఈ ఆట ఎరుగరు గనుక, కొంచెము వివరింపనిండు. బేస్‌బాల్‌లో ఒక్కసారికి ఒక్కడే బ్యాటు పట్టును. ఎవని తరువాత ఎవడు రావలెనో ఆటకు ముందే కాగితము మీద వ్రాసి అంపైరునకు ఇచ్చెదరు. పెద్దల ఆటలో తొమ్మండుగురు. తొమ్మిదవవాని తరువాత మరల మొదటివాడు. ఆ వరుస తప్పరాదు. ఒకడు ఆడుచుండగా తరువాతివాడు పక్కన వేచి, బ్యాటు ఊపుకొనుచు అందరికిని కనబడుచుండును. బంతి వేయువాడు పిచ్చరు. కొట్టుటకు వీలుకాని బంతులు వాడు నాలుగు వేసి, బ్యాటరు వాటిని ముట్టక విడిచినయెడల, బ్యాటరు నడిచి మొదటి బేసునకు పోవచ్చును. దీనిని ‘వాక్’ అందురు. భయంకరుడైన బ్యాటరు వచ్చినప్పుడు పిచ్చరు కావలెననియే వానికి ఆ బేసు ఇచ్చి తప్పించుకొనుట కలదు. పెద్ద లీగులలో 2017 నుండి ఆ నాలుగు బంతులైనను వేయనక్కరలేదు. మేనేజరు సైగ చేసిన చాలును.

ఇక్కడనే ఆ నమ్మకము పుట్టినది. బలశాలి నాల్గవవాడై వెనుక వేచియుండగా, మూడవవానికి ఊరక బేసు ఇచ్చుట పిచ్చరునకు ప్రమాదము. వెంటనే వచ్చువాడు ఇద్దరిని కలిపి ఇంటికి చేర్చును. కాబట్టి మూడవవానికి కొట్టదగిన బంతులే పడును, వాడు బాగుగా ఆడును. వెనుక బలహీనుడున్నయెడల మూడవవానికి మంచి బంతి దొరకదు. దీనికి ఆ దేశమువారు పెట్టిన పేరు ‘ప్రొటెక్షన్’. కాపుదల అని మనము చెప్పుకొనవచ్చును. ఆటగాండ్రు, శిక్షకులు, వార్తలు చెప్పువారు దీనిని ఎంతో కాలముగా నమ్ముచున్నారు. నమ్మకము బుద్ధికి ఎంత ఇంపుగా నున్నదో చూచితిరా? ఇంపుగా నున్నందుననే నాకు అనుమానము కలిగెను.

ఈ నమ్మకమునకు పేరుపొందిన సాక్షి రోజర్ మారిస్. 1961లో న్యూయార్క్ యాంకీల పక్షమున ఆయన 61 హోమ్ రన్‌లు కొట్టి, 1927లో బేబ్ రూత్ నిలిపిన 60 సంఖ్యను దాటెను. ఆ సంవత్సరము అధిక భాగము ఆయన మూడవవాడు, ఆయన వెనుక నాల్గవవాడు మిక్కీ మాంటిల్. మాంటిల్ కూడ ఆ యేడు 54 కొట్టెను. అంత భయంకరుడైన మారిస్‌కు ఆ సంవత్సరమంతటిలో కావలెనని ఇచ్చిన వాక్‌లు ఎన్నియో తెలియునా? ఒక్కటియు లేదు. సున్న. మరుసటి యేడు మే మాసమున మాంటిల్ గాయపడి ఆడక యుండగా, ఒకే ఆటలో మారిస్‌కు నాలుగుసార్లు కావలెనని బేసు ఇచ్చిరి. ఇంతకంటె రుజువేమి కావలెనని ఎవరైనను అందురు. ఆ దినములలో మాంటిల్‌ను జనులు ప్రేమించిరి, మారిస్‌ను అంతగా ప్రేమింపలేదు. వారిద్దరికి పడదని పత్రికలు వ్రాసెను. వారిద్దరు మాత్రము క్వీన్స్‌లో ఒకే ఇంటిలో కాపురముండిరి.

నేనును రుజువు దొరికినదని పుస్తకము మూయబోయితిని. అంతలో ఒక సంగతి అడ్డుపడెను. ఆ 61వ హోమ్ రన్ కొట్టినది 1961 అక్టోబరు 1న, సంవత్సరపు కడపటి ఆటలో. ఆ దినమున మాంటిల్ ఆయన వెనుక లేడు. ఆస్పత్రిలో ఉండెను.

ఒక్క కొట్టుడుతో ఏమియు రుజువు కాదని నాకు తెలియును. కాని ఆ ఒక్కటి నన్ను మరల వెదకించెను.

బ్యారీ బాండ్స్ కథ ఇంకను వింతైనది. 1998 మే 28న ఆరిజోనా జట్టు తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో 8-6తో ముందున్నది. ఇద్దరు అవుటైరి, మూడు బేసులును నిండియున్నవి, బాండ్స్ బ్యాటు పట్టెను. ఆరిజోనా మేనేజరు బక్ షోవాల్టర్ ఏమి చేసెను? బాండ్స్‌కు బేసు ఇమ్మనెను. బేసులు నిండియుండగా వాక్ ఇచ్చుట యనగా ఎదుటివారికి ఒక రన్ను చేతిలో పెట్టుటయే. లెక్క 8-7 అయ్యెను. తరువాతివాడైన బ్రెంట్ మేన్ కొట్టిన బంతిని కుడివైపున పట్టుకొనిరి, ఆరిజోనా గెలిచెను. వెనుకనున్నవాని బట్టి ముందున్నవానికి జరుగునది మారుననుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము లేదు. 2004లో ఇదే బాండ్స్‌కు 232 వాక్‌లు దొరికినవి. అందులో కావలెనని ఇచ్చినవే 120. ఆయనకు పూర్వము ఒక సంవత్సరములో అట్టివి అత్యధికముగా 45, 1969లో విల్లీ మెకోవీకి.

అయితే చదువరీ, ఆ 2004లో బాండ్స్ ఎట్లు ఆడెనో చూడుము. వెయ్యింటికి 362 చొప్పున కొట్టెను. 45 హోమ్ రన్‌లు. బ్యాటు పట్టిన వేయి పర్యాయములకు 609 చొప్పున బేసు చేరెను. కాపుదల లేనివాడు చెడిపోవలెను గదా? వానికి పడిన బంతులు తగ్గినవి గాని, పడిన బంతిని కొట్టు చేయి తగ్గలేదు.

ఈ భేదమునే లెక్కలు చేసినవారు పట్టుకొనిరి. టామ్ ట్యాంగో, మిచెల్ లిక్ట్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్ అను ముగ్గురు 2006లో ఒక గ్రంథము ప్రకటించి, ఏండ్ల తరబడి జరిగిన ఆటలలో ప్రతి వంతును వేరు చేసి చూచిరి. వెనుక బలహీనుడున్న మంచి బ్యాటరునకు వాక్‌లు హెచ్చునట. అంతవరకు నమ్మకము నిజమే. కాని వాడు బ్యాటుతో బంతిని తాకినప్పుడు కలుగు ఫలితము, వెనుక ఎవడున్నను, ఇంచుమించు ఒక్కటే. జె. సి. బ్రాడ్‌బరీ, డగ్ డ్రైనెన్ అను మరి ఇద్దరు 2008లో ప్రచురించిన వ్యాసములో ఇంకొక అడుగు ముందుకు పోయిరి. వెనుక బలశాలి యున్నప్పుడు ముందువాని ఆట కొంచెము తగ్గుననియే వారి లెక్క. పిచ్చరు అపాయమును ఎదుట చూచుచున్నాడు గనుక, ముందువానిని ఎట్లైనను అవుట్ చేయవలెనని తన శక్తియంతయు కూర్చి వేయునని వారి వివరణ. ఆ తేడాయు స్వల్పమే. నూరేండ్లు పెద్దవారు చెప్పినది తారుమారైనను కావచ్చునని చూచి, నేను అర్ధరాత్రి ఒంటరిగా నవ్వుకొంటిని.

మనుమడు చెప్పిన సోటో సంగతి మిగిలెను. హువాన్ సోటో 2024లో యాంకీల జట్టున రెండవవాడు. వాని వెనుక ఆరన్ జడ్జ్. ఆ డిసెంబరులో సోటో 15 ఏండ్లకు 76 కోట్ల 50 లక్షల డాలర్లకు మెట్స్ జట్టుతో ఒడంబడిక చేసికొనెను. (ఆ సంఖ్యను మా అల్లుడు రూపాయలలోనికి మార్చబోయి విరమించుకొనెను.) 2025 వసంతములో వాని ఆట మందగించెను. వెనుక జడ్జ్ లేడు గదా అని లోకమంతయు అనెను. సంవత్సరాంతపు లెక్కలు ఇప్పుడు నా ముందున్నవి. జడ్జ్ వెనుకనుండగా 41 హోమ్ రన్‌లు, 129 వాక్‌లు. జడ్జ్ లేక 43 హోమ్ రన్‌లు, 127 వాక్‌లు. సగటు మాత్రము వెయ్యింటికి 288 నుండి 263కు దిగెను, దానిని దాచను. మెట్స్‌లో వాని వెనుక చాలమట్టుకు నిలిచిన పీట్ అలాన్సో కూడ సామాన్యుడు కాడనియు ఒప్పుకొందును. కాని కాపుదల తొలగినందున వాక్‌లు పెరుగవలెనను నమ్మకము ఇక్కడ సాక్ష్యము తెచ్చుకొనలేకపోయినది.

ఈ లెక్కలలో తిరుగుచుండగా నేను వెదకని సంగతి ఒకటి దొరికెను. అందరును వెనుకనున్నవానిని చూచుచున్నారు. ముందున్నవారిని ఎవరును చూచుట లేదు. మొదటి బేసున ఒకడు నిలిచియున్నయెడల, వాడు పరుగెత్తకుండ కాయుటకు అక్కడి ఫీల్డరు బేసు దగ్గరకు రావలెను. అప్పుడు కుడివైపున సందు ఏర్పడును. బ్యాటరు కొట్టిన బంతి ఆ సందున దూరును. మరియు ఆర్‌బీఐ అని ఒక లెక్క కలదు. మన రిజర్వు బ్యాంకు కాదు. తన కొట్టుడువలన ఇంటికి చేరిన రన్నుల సంఖ్య అది. ఈ సంఖ్యను బట్టి మనుష్యులకు కీర్తియు జీతమును కలిగెను. కాని చూడుడి, ముందువారు బేసులమీద లేకపోయిన యెడల ఎవనిని ఇంటికి చేర్చును? తన హోమ్ రన్ తప్ప ఎంత గట్టిగా కొట్టినను సున్నయే. ఆ కీర్తిలో సగము, వాని ముందు నిలిచి, ఓపికతో బేసు చేరినవారిది. వారి పేరు ఆ గడిలో ఉండదు.

ఇది చదివి నేను కొంతసేపు కుర్చీలోనుండి లేవలేకపోయితిని. కారణము చెప్పుదును.

మా బడి పిల్లలు పదవ తరగతి లెక్కలలో తప్పరని మా ప్రాంతమున పేరుండెను. ఆ పేరు నాది. పదవీ విరమణకు ముందు ఒక యేడు నాకు ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువ కప్పి, జ్ఞాపిక ఇచ్చిరి. నా భార్య ఆ బడిలోనే అయిదవ తరగతి చెప్పుచుండెను. సాయంకాలము మా ఇంటి అరుగుమీద పది పదిహేనుమంది పిల్లలు కూర్చుండి ఎక్కములు వల్లించుచుండిరి. భిన్నము అర్థము కాని పిల్లకు ఆమె రొట్టె తుంచి చూపించుచుండెను. నా తరగతికి వచ్చునప్పటికే వారు బేసులమీద నిలిచియుండిరి. నేను కొట్టితిని, వారు ఇల్లు చేరిరి. ఆ శాలువ సభలో నేను పదునైదు నిమిషములు మాటలాడితిని. హెడ్మాస్టరునకు వందనములు చెప్పితిని, తోటి పంతుళ్లకు చెప్పితిని, గంట కొట్టువానికి సహితము చెప్పితిని. ఆమె ఆడవారి వరుసలలో మూడవదానిలో కూర్చుండి చప్పట్లు కొట్టెను. నేను ఆమె పేరు ఎత్తలేదు. మరచితినని చెప్పుకొనవచ్చును గాని మరువలేదు. స్వంత భార్యను సభలో పొగడుట బాగుండదని అనుకొంటిని. ఇంటికి వచ్చిన తరువాతనైనను చెప్పియుండవచ్చును. శాలువ మడతపెట్టి బీరువాలో పెట్టినది ఆమెయే.

మరునాడు పాత నోటుపుస్తకమును క్రొత్తదానిని ప్రక్కప్రక్కన పెట్టి మావాని గడులు చూచితిని. పోయిన యేడు వానికి ఎన్ని వంతులకు ఒక వాక్ దొరికెనో, ఈ యేడును ఇంచుమించు అట్లే. పండ్రెండేండ్ల పిచ్చరు వెనుకనున్నవానిని చూచి ఉపాయములు పన్నునా? వాడు తాననుకొన్న చోట బంతి వేయగలిగిన అదే పదివేలు. రెండు భేదములు మాత్రము స్పష్టముగా కనబడెను. పోయిన యేడు మావాడు వచ్చునప్పటికి తరచుగా బేసుమీద ఎవరో ఒకరు ఉండిరి. ఈ యేడు మొదటి ఇద్దరును క్రొత్తవారు, బేసు దాదాపు ఎప్పుడును ఖాళీ. రెండవది, పోయిన యేడు మావాడు మొదటి బంతిని విడిచి చూచుచుండెను. ఈ యేడు ప్రతి మొదటి బంతికిని బ్యాటు విసరుచున్నాడు, అది మంచిదైనను చెడ్డదైనను. పిచ్చర్లు మారలేదు. వాడు మారెను. ముందు ఎవరును లేరు, వెనుక ఎవరును లేరు, అంతయు తానే చేయవలెనని తొందరపడుచున్నాడు.

ఆ సాయంకాలము వంటగది బల్లమీద రెండు పుస్తకములును తెరచి వానికి చూపితిని. ‘నీ స్నేహితుని వలన నీకు ఏ లాభమును లేదు’ అని నేను చెప్పలేదు. అట్లు చెప్పిన అది అబద్ధమగును. స్నేహితుడు వెనుక నిలిచియున్న పిల్లవాని గుండె నిబ్బరమును ఏ గ్రంథకర్తయు ఇంకను తూచలేదు. గడులు మాత్రము చూపి, వేలితో లెక్కించుమంటిని. వాడు పెదవులు కదుపుచు లెక్కించెను. వాళ్ల అమ్మమ్మయు అట్లే లెక్కించుచుండెను.

“అయితే బాల్స్ అవే పడుతున్నాయా?”

“లెక్క నువ్వే చేశావు కదరా.”

వాడు చాలసేపు ఊరకుండి, “మరి పోయిన ఏడు నా ముందు ఎవరు ఆడేవాళ్లు?” అని అడిగెను. నేను పేర్లు చదివితిని. ఒకని పేరు వానికి జ్ఞాపకమే లేదు.

జూన్ మొదటి శనివారమున ఆట జరిగెను. ఎండ గుంటూరు ఎండవలెనే ఉండెను. రెండవవాడు ఎట్లో బేసు చేరెను. మావాడు వచ్చి నిలిచెను. మొదటి బంతి వెడల్పుగా పోయెను, విడిచెను. రెండవది తాకెను గాని గీత వెలుపల పడెను. తరువాత రెండు బంతులు నేలను తగిలి దుమ్ము రేపెను. నేను కుర్చీ అంచున కూర్చుంటిని. నాల్గవ చెడ్డ బంతి భుజము మీదుగా పోయెను. బ్యాటు కదలలేదు. వాడు దానిని మెల్లగా నేలను పెట్టి, మొదటి బేసు వైపు నడిచెను.

నేను గడిలో గుర్తు వేసితిని. వాని తరువాత వేచియున్న కుర్రవాడు పొట్టివాడు, హెల్మెట్టు కండ్లమీదికి జారుచున్నది. నెల దినములుగా వాని వంతులు వ్రాయుచున్నాను గాని, వాని వరుసలో పేరు లేదు, అంకె మాత్రమే ఉన్నది. ప్రక్క కుర్చీలో కూర్చున్న తల్లివైపు తిరిగి ఆ అబ్బాయి పేరేమని అడిగితిని.